తిప్పి చూడని ఫొటోలు

జూన్ 3, సోమవారం

దాణా కంపెనీ వాళ్ళు మా ఆయనకు ఇచ్చిన డైరీ ఇది. ఆయన నడిపే వ్యాన్‌లో సీటు కింద పడి ఉంటే తెచ్చుకున్నాను. ఏడో తరగతి తర్వాత నేను కుదురుగా కూర్చుని రాయడం ఇదే మొదలు. ఈ రోజు ఒక మంచి సంగతి జరిగింది. మంచి సంగతే. మరి ఎవరికైనా చెప్పుకునే బదులు రాసుకోవాలని ఎందుకు అనిపించిందో తెలియదు.

ప్లాంటులో మేము రొయ్యలు ఏరే బల్ల దగ్గరికి కొత్త మిషన్ వచ్చింది. కింద బెల్టు, పైన కెమెరా. రొయ్యలు పోతుంటే అది చూసి, పెంకు మెత్తబడినవాటిని పక్క ట్రేలోకి నెట్టేస్తుందట. ఇన్నాళ్ళూ ఆ పని మేము పన్నెండు మందిమి చేతులతో చేస్తున్నాం. తలతో సహా పెట్టెల్లో పెట్టి పై దేశాలకు పంపే సరుకు మా బల్లది. మెత్తది పోయిందంటే అక్కడ కరిగించగానే తల ఊడి చేతికి వస్తుంది.

మిషన్‌కు తనంతట తానుగా ఏమీ తెలియదట. ఎవరో ఒకరు నేర్పాలి. అందుకు హైదరాబాదు నుంచి షమా మేడం వచ్చింది. పుట్టింది నెల్లూరే. నాకంటే మూడు నాలుగేళ్ళు పెద్దదేమో. మేనేజర్ మాథ్యూ సార్ బల్ల దగ్గరికి వచ్చి, పని వచ్చినవాళ్ళలో చదవడం తెలిసినవాళ్ళు ఎవరని అడిగారు. సూపర్‌వైజర్ పెంచలకృష్ణ నన్ను చూపించాడు.

"భానుప్రియ సార్. రెండేళ్ళ నుంచి ఈమె ట్రేలో ఒక్క మెత్తది పోలా."

నిజమే. నా ట్రేలో ఎప్పుడూ తప్పు రాలేదు.

నా పక్కన మాలకొండమ్మక్క ఉంది. ఆమె తల ఎత్తలేదు, చేతులు ఆపలేదు.

ఇంటికి వచ్చి చెబితే మా ఆయన మధుబాబు వెంటనే కోవూరులో మా నాన్నకు ఫోన్ చేశాడు. "మీ అమ్మాయి మిషన్‌కి టీచరైంది మామా" అన్నాడు. ఆయన నా గురించి అంత గట్టిగా మాట్లాడటం పెళ్ళయ్యాక ఇదే.

జూన్ 4

మాలకొండమ్మక్కను ఎవరూ అడగలేదు. ఆమెకు చదువు రాదు కదా. అందుకే అయ్యుంటుంది.

జూన్ 6, గురువారం. అమావాస్య

ఏసీ గదిలో కూర్చోబెట్టారు. ట్యాబ్‌లో ఒక్కో రొయ్య ఫొటో వస్తుంది. మంచిదైతే పచ్చ బొత్తాం, మెత్తదైతే ఎర్ర బొత్తాం నొక్కాలి. మేడం నన్ను మీరు అంటుంది. పిలిచిన ప్రతిసారీ ఇంకెవరినో అనుకుని వెనక్కి చూస్తున్నాను.

"ఇది మెత్తదని మీకెట్టా తెలుస్తుంది భానూ?"

"చూస్తే తెలుస్తది మేడం."

ఆమె రాసుకుంది.

అన్నాలు తిన్నాక మళ్ళీ అడిగింది. "ఈ మిషన్ ఎవరి కళ్ళతో నేర్చుకుంటే వాళ్ళ కళ్ళతోనే చూస్తుంది. ఒక్కరివే చాలవు. బల్ల దగ్గర ఇంకా ఎవరెవరు ఉన్నారు? పెద్దవాళ్ళు, వేరే రాష్ట్రం నుంచి వచ్చినవాళ్ళు, ఎవరైనా సరే. చదువు రాకపోయినా ఫర్వాలేదు, బొత్తాం నేను చూపిస్తాను. మా ఆఫీసులో అందరం ఒకే రకం వాళ్ళం కూర్చుని ఒక యాప్ చేసినాం. చివరికి మా అమ్మకే అది వాడటం రాలా."

నేను నవ్వాను. తర్వాత అన్నాను. "అందరం ఒకటే మేడం. ఎవురు చూసినా ఇదే చెప్తారు."

"మీ అందరిలోకీ బాగా తెలిసినామె ఎవరూ లేరా?"

"లేరు మేడం."

"ఒక్కసారి ఆలోచించి చెప్పండి."

"ఎవురూ లేరు మేడం."

మూడుసార్లు అడిగింది. మూడుసార్లూ అదే చెప్పాను. నేనేమీ ఎవరి పొట్టా కొట్టలేదు. ఆమె అడిగింది, నాకు తోచింది చెప్పాను.

జూన్ 8

ఎనిమిది వందల ఫొటోలు నొక్కాను. ఐసు నీళ్ళు తగలక వేళ్ళ ముడతలు పోయాయి.

జూన్ 12, బుధవారం

పొద్దున కంపెనీ బస్సు కోసం నిలబడి ఉంటే మాలకొండమ్మక్క వచ్చి పక్కన కూర్చుంది. చెప్పులు చేతిలో పట్టుకుని నడిచి వస్తుంది ఆమె. బస్సెక్కేటప్పుడే వేసుకుంటుంది.

"ఏం పాపా, ఆ గదిలో చలంట కదా. మాకు ఐసు, మీకు ఏసీ. ఎట్టయినా వణకడమే రాసిపెట్టి ఉంది ఆడోళ్ళకి."

పక్కనున్నవాళ్ళు నవ్వారు. నేనూ నవ్వాను.

"మిషన్‌కి నేర్పిస్తా ఉండావంటనే. తిప్పి చూడమని చెప్పినావా?"

"చెప్పినా."

"అది ముఖ్యం. వెన్ను అందరికీ మెరుస్తానే ఉంటది."

అప్పుడే మా ఆయన వ్యాన్ వచ్చి ఆగింది. నా క్యారియర్ మరిచిపోతే తెచ్చాడు. "సరే మాలకొండమ్మా, బస్సొచ్చేస్తది, లెయ్" అన్నాను. బల్ల దగ్గర రెండేళ్ళుగా అక్కా అని పిలుస్తున్నాను. మా ఆయన ముందు ఆ మాట నోట్లోంచి రాలేదు. ఆమె లేచి కొంచెం దూరంగా వెళ్ళి నిలబడింది.

జూన్ 13

చెప్పలేదు. తిప్పి చూడాలని మేడంకు చెప్పలేదు.

మాలకొండమ్మక్క ఏ రొయ్యనూ పైనుంచి చూసి వదలదు. బొటనవేలితో తిప్పుతుంది. కడుపు వైపు, కాళ్ళు మొదలయ్యేచోట, పెంకు పాలిపోయి సన్నగా ముడతపడి ఉంటే అది మెత్తది. అమావాస్యకూ పౌర్ణమికీ గుంటల్లో రొయ్యలు పాత పెంకు విడుస్తాయి కాబట్టి ఆ తర్వాత నాలుగు రోజులు అలాంటివి ఎక్కువ. ఆమె వేలు ఎంత వేగంగా తిరుగుతుందంటే పక్కన నిలబడినవాళ్ళకు కూడా కనిపించదు.

ట్యాబ్‌లో ఫొటోలన్నీ వెన్ను వైపువే. కెమెరా పైన ఉంది కదా.

మొదటి రోజే చెప్పి ఉంటే ఒక్క మాటతో పోయేది. ఇప్పుడు చెబితే మరి ఈ రెండు వేలు ఎట్టా నొక్కినావని అడుగుతారు. సందేహం వచ్చినప్పుడల్లా పచ్చే నొక్కాను. మంచిదనడంలో ఎవరికీ నష్టం లేదనుకున్నాను.

జూన్ 20, గురువారం

నాలుగు వేలు పూర్తయ్యాయి. మాథ్యూ సార్ చప్పట్లు కొట్టించారు. మా ఆయన స్వీట్లు తెచ్చి వీధిలో పంచాడు. నేను ఒకటి తిన్నాను. తీపి ఎక్కువైంది.

జూన్ 24, సోమవారం

దీన్ని వరుసగా రాయాలి. లేకపోతే తర్వాత నేనే మార్చి చెప్పుకుంటాను.

పౌర్ణమి వెళ్ళి రెండు రోజులైంది. ఈ రోజు పరీక్ష పెట్టారు. పన్నెండు మందికీ తలా నూరు రొయ్యలు ఇచ్చారు. చేత్తో ఏరి మంచివి, మెత్తవి వేరు చేయాలి. తర్వాత అవే రొయ్యల్ని మిషన్ మీద పంపారు. మిషన్ చెప్పినదానికీ మనిషి చెప్పినదానికీ ఎన్నింటిలో తేడా వస్తే అన్ని తప్పులు. జూలై నుంచి బల్ల దగ్గర అయిదుగురు చాలట. తప్పులు తక్కువ వచ్చినవాళ్ళే ఉంటారట.

పెంచలకృష్ణ అందరి ముందు కాగితం చదివాడు.

"భానుప్రియ, రెండు."

మిషన్‌కూ నాకూ తేడా ఎందుకు వస్తుంది. అది చూసేది నా కళ్ళతోనే.

చివర చదివాడు. "మాలకొండమ్మ, ముప్పై ఒకటి."

కొందరు నవ్వారు. "కళ్ళు కనపడ్డం లేదేమో ముసలామెకి" అన్నాడు పెంచలకృష్ణ. "రేపటి నుంచే రానక్కర్లేదు. అవసరమైతే కబురు చేస్తాం."

ఆమె గ్లౌజులు విప్పి, తిరగేసి, నీళ్ళు కారిపోయేదాకా విదిలించి, మేకుకు తగిలించింది. ఆ ముప్పై ఒకటీ మెత్తవే. నాకు తెలుసు. ఆమె మెత్తవని తీసింది, నా మిషన్ మంచివంది.

నాకు తెలుసు. నోరు తెరవలేదు. షమా మేడం నా వైపు చూసి నవ్వింది, నన్ను మెచ్చుకున్నట్టు.

జూన్ 25

ఈ రోజు రాయడానికి ఏమీ లేదు.

జూన్ 26, బుధవారం

రెండు రోజులుగా మిషన్ ఏరిన సరుకును కొనేవాళ్ళ మనిషి వచ్చి పెట్టెలు విప్పి చూశాడు. పట్టుకుంటే తలలు చేతికి వచ్చాయి. కంటైనర్ పోర్టుకు వెళ్ళకుండా ఆపేశారు. మాథ్యూ సార్ షమా మేడంను గది బయటే నిలబెట్టి అరిచారు. సగం ఇంగ్లీషు, సగం మలయాళం. వారంలో సరిచేయకపోతే మిషన్ తిప్పి పంపేస్తామన్నారు. కాగితాలు పట్టుకుని పోతున్న వాళ్ళంతా ఆగి చూశారు.

మేడం గదిలోకి వచ్చి నా ఎదురుగా కూర్చుంది. ముక్కు ఎర్రగా ఉంది.

"మీరు సరిగ్గానే చెప్పుంటారు భానూ. నేనే ఎక్కడో తప్పు చేసినా" అంది.

నా వల్ల ఇద్దరు. ఒకామెకు పని పోయింది. ఇంకొకామె అది తన తప్పేనని అనుకుంటోంది.

ఇక్కడ రాయకపోతే ఎక్కడా చెప్పలేను. నాకు పని రాదు. కడుపు వైపు ముడత సంగతి తెలుసు కానీ అది నా కంటికి ఆనదు, రెండేళ్ళలో నేర్చుకున్నది పాడైన రొయ్య మీద నల్లమచ్చ గుర్తుపట్టడం ఒక్కటే. మెత్తదా కాదా అని సందేహం వచ్చిన ప్రతి రొయ్యనూ నేను బల్ల మీద మాలకొండమ్మక్క వైపు తోసేదాన్ని. ఆమె ఏమీ అనకుండా తిప్పి చూసి, మంచిదైతే నా ట్రేలో, మెత్తదైతే కింద బుట్టలో వేసేది. నా ట్రేలో తప్పు రాకపోవడం అంటే అది.

జూన్ 28, శుక్రవారం

పని అయ్యాక దారి మధ్యలో బస్సు దిగి ఎస్టీ కాలనీకి వెళ్ళాను. ఎన్నడూ వెళ్ళలేదు. మాలకొండమ్మక్క ఇంటి ముందు వల పరుచుకుని చిరుగులు కుడుతోంది. నన్ను చూసి, కూర్చోమని గోనెపట్టా జరిపింది.

"గుంటల కాడ కాపలాకి రమ్మంటా ఉండారు" అంది. "కాపలా అంటే ఏముంది, కొంగల్ని చూసి కేకలెయ్యడం. ఇరవై ఏళ్ళు రొయ్య పట్టిన చేతికి కొంగల కొలువు."

జరిగిందంతా చెప్పాను. ఫొటోలు, పచ్చ బొత్తాం, ఆపేసిన కంటైనర్. ఆమె సూది ఆపకుండా విన్నది.

"నువ్వొచ్చి మేడానికి చెప్పక్కా. చూపిస్తే నమ్ముతారు."

"నాకు పని తెలుసని నేనే చెప్పుకోవాల్నా? ముప్పై ఒకటి అని అందరి ముందర చదివినారు. చదివినప్పుడు నువ్వు యాడుండావు?"

"అక్కడే ఉన్నా."

"ఆ. అక్కడే ఉండావు."

వల జరిపి ఇంకో చిరుగు వెతికి పట్టుకుంది. నేనే అడిగాను. "నేను నీ వైపు తోసేదాన్నని నీకు తెలుసు కదా. ఎప్పుడూ ఎందుకు అనలా?"

"పిల్లది, నేర్చుకుంటదిలే అనుకున్న. నేర్చుకోకముందే పంతులమ్మవైపోయినావు." దారం పంటితో తెంపింది. "నువ్వు పోయి చెప్పు. నాకు రాదు అని చెప్పు. అప్పుడు పిలిస్తే ఆలోచిస్తా. నా పేరు తర్వాత, ముందు నీది చెప్పు."

జూన్ 30

రేపు చెబుతాను.

జూలై 1, సోమవారం

చెప్పలేదు. మాథ్యూ సార్ ఊళ్ళో లేరు. మేడం ఉంది. ఆయన కూడా ఉన్నప్పుడు ఒకేసారి చెప్పడం మంచిదనుకున్నాను.

అది నిజం కాదు.

మిషన్ ఇంకా సరికాలేదు కాబట్టి మిగతా పదకొండు మందిమీ మళ్ళీ చేతులతోనే ఏరుతున్నాం. నా పక్కన మాలకొండమ్మక్క చోటు ఖాళీగా ఉంది. పొద్దున నేను అలవాటుగా అటు చూశాను.

జూలై 2, మంగళవారం

చెప్పాను.

మాథ్యూ సార్, మేడం, పెంచలకృష్ణ ముగ్గురూ మిషన్ దగ్గర ఉన్నారు. "నాకు రాదు సార్" అన్నాను. దేని గురించో వాళ్ళకు అర్థం కాలేదు. "మెత్తది ఏదో నాకు తెలీదు. నాలుగు వేల ఫొటోలూ ఊరికే నొక్కినా."

మాథ్యూ సార్ నా వైపు తిరిగారు. "ఊరికే?" అన్నారు. దానికి బదులు పెద్ద కేక వేసి ఉంటే బాగుండేది.

"పైనుంచి చూస్తే తెలీదు సార్. మాలకొండమ్మక్క తిప్పి చూస్తది. నా ట్రేలో తప్పులు రాకపోవడం ఆమె వల్లే."

పెంచలకృష్ణ "ఏందమ్మే, మతిపోయిందా నీకు" అన్నాడు. మేడం మాత్రం బెల్టు మీద నుంచి ఒక రొయ్యను తీసి తిప్పింది. ఇంకొకటి తిప్పింది. పదిహేను ఇరవై తిప్పాక గాజు పలక ఒకటి తెప్పించి, దాని మీద రొయ్యల్ని పరిచి, ఫోన్ కింద పెట్టి పైకి ఫొటో తీసింది. ఫోన్‌లో చూస్తే నాకు కూడా కనిపించింది, కాళ్ళ మొదట్లో ముడత.

"కెమెరా కింద కూడా ఉండాలి" అంది తనలో తాను. తర్వాత మాథ్యూ సార్‌తో అంది. "బెల్టులో కొంత దూరం గాజులాంటి పలక వేస్తే చాలు సార్. ఫొటోలు మళ్ళీ తీద్దాం. కానీ ఈసారి నేర్పేది ఆమె. ఆమెతో పాటు ఇంకా నలుగురు అయిదుగురు కావాలి. ఒక్కరితో చేసే పొరపాటు మళ్ళీ చెయ్యను."

ఆయన వాచీ చూసుకుని, ఇంకో పది రోజులు గడువిచ్చి, పెంచలకృష్ణతో "ఆమెను పిలువు" అన్నారు.

వాళ్ళు వెళ్ళాక మేడం నా వైపు తిరిగింది. "నేను అడగాల్సిన మనిషిని అడగలా" అంది.

"మీరు అడిగినారు మేడం. మూడుసార్లు."

"మరి ఆమె పేరెందుకు చెప్పలా?"

"గుర్తు రాలా మేడం" అన్నాను.

అంత చెప్పినదాన్ని అక్కడ మళ్ళీ అబద్ధమాడాను.

జూలై 4

పెంచలకృష్ణ రెండుసార్లు కాలనీకి వెళ్ళి వచ్చాడు. ఆమె రానంది. ఒక షరతు పెట్టిందట. తప్పులు అందరి ముందు చదివారు కాబట్టి అవి ఆమెవి కావని అందరి ముందే చదవాలట. "పంపించేసిన మనిషి నాకు షరతులా" అని పెంచలకృష్ణ గొణుగుతున్నాడు. మేడం మాత్రం "న్యాయమే కదా" అంది.

ఎవరు చదవాలన్న మాట వచ్చింది. నేను చదువుతానని నేనే అన్నాను.

మా ఆయనకు ఈ రోజు చెప్పాను. టీవీ ఆపేశాడు. "వీధంతా స్వీట్లు పంచినానే" అన్నాడు. అంతే. అన్నం తినేటప్పుడు నా వైపు చూడలేదు. నేను కూడా చూడమని అడగలేదు.

జూలై 8, సోమవారం

బల్ల దగ్గర పదకొండు మందిమీ నిలబడ్డాం. మాలకొండమ్మక్క తలుపు దగ్గరే ఆగింది, లోపలికి రాలేదు. కాగితంలో నాలుగు వాక్యాలే. మేడం రాసిస్తానంది కానీ నేనే రాసుకున్నాను.

"జూన్ ఇరవై నాలుగున మాలకొండమ్మ పేరున ముప్పై ఒక్క తప్పులు చదివారు. అవి ఆమె తప్పులు కావు. ఆ ముప్పై ఒకటీ నేను మిషన్‌కు తప్పుగా నేర్పినవి. ఆమెకు పని తెలుసు, నాకు తెలియదు."

రెండో వాక్యం మధ్యలో తడబడి మళ్ళీ మొదటి నుంచి చదివాను. ఎవరూ నవ్వలేదు. నవ్వి ఉంటే బాగుండేది. ఒడిశా నుంచి వచ్చిన సరోజినికి తెలుగు అంతగా రాదు. ఏమందని పక్కామెను అడిగితే ఆమె మళ్ళీ అంతా చెప్పింది. అలా రెండుసార్లు విన్నాను.

మాలకొండమ్మక్క లోపలికి వచ్చి గ్లౌజులు తగిలించుకుంది. నా ముఖం చూడలేదు.

జూలై 11, గురువారం

కింద కెమెరా బిగించారు. మేడం ఇప్పుడు ఏసీ గదిలో కాకుండా బల్ల దగ్గరే నేర్పిస్తోంది. మాలకొండమ్మక్క, సరోజిని, తలలు తీసే సెక్షన్ నుంచి ముంతాజ్ బేగం, ఇంకా ఇద్దరు. ఒక్కొక్కరూ ఒక్కో గుర్తు చెబుతున్నారు. ముంతాజ్ పిన్నికి రొయ్య మీసాలు చూస్తేనే తెలుస్తుందట, ఎన్నేళ్ళుగానో తెలుసు, ఇంతవరకు ఎవరూ అడగలేదట. సరోజిని రొయ్యను నడుం దగ్గర పట్టి ఎత్తి వేలాడేసి చూపిస్తుంది, మెత్తదైతే రెండు కొసలూ వాలిపోతాయట. మేడం అన్నీ మిషన్‌లోకి ఎక్కిస్తోంది. నిన్న పంపిన నూటిలో మూడే తేడాలు. ఆ మూడింటి మీద మాలకొండమ్మక్కా ముంతాజ్ పిన్నీ చాలాసేపు వాదించుకున్నారు. మాథ్యూ సార్ మధ్యలో వచ్చి, ఇద్దరి మాటా విని వెళ్ళిపోయారు. పన్నెండు మందిమీ ఈ నెలంతా ఉంటామట. తర్వాతి సంగతి ఎవరూ చెప్పలేదు.

నాకు ట్రేలు అందించే పని ఇచ్చారు. నేనే అడిగాను.

మధ్యాహ్నం మిగతావాళ్ళు అన్నాలకు వెళ్ళారు. మాలకొండమ్మక్క ఒక్కటే ఉంది. ట్రే పెట్టి అక్కడే నిలబడ్డాను.

"మేడం అడిగినప్పుడు నీ పేరు గుర్తు రాలేదని చెప్పినా అక్కా. అది అబద్ధం. గుర్తొచ్చింది. నువ్వు వస్తే ఆ గదిలో నా పక్కన కుర్చీ వేస్తారు. మీ కాలనీ మనిషి పక్కన, సమానంగా, అందరూ చూస్తా ఉండగా కూర్చోవాల్సి వస్తదని సిగ్గుపడినా. పని రాదని బయటపడతదనేది ఆ తర్వాతే. ముందు ఇదే."

ఆమె రొయ్యను తిప్పింది. మంచి ట్రేలో వేసింది.

"తెలుసు" అంది.

"ఎప్పటినుంచి?"

"బస్సు కాడ మాలకొండమ్మా అన్నావు చూడు, అప్పటినుంచి." ఇంకొకటి తిప్పింది. "ఇప్పుడు కూడా సిగ్గేనా?"

"ఇప్పుడు నా మీద నాకే."

ఆమె నన్ను ఓదారుస్తుందని అనుకున్నాను. ఎందుకు అనుకున్నానో తెలియదు.

"అది నీ పని పాపా. నువ్వే చేసుకోవాల. నా పని నన్ను చేసుకోనీ. ఆ ట్రే ఇట్టా తే."

తీసుకెళ్ళి ఇచ్చాను.